కచ్చిక డబ్బా

పాత పంచె గుడ్డలో పిడకల బూడిద పోసి, నాలుగు కొసలూ కలిపి పట్టుకుని, చిన్నరాయప్ప సత్తుగిన్నె మీద మెల్లగా ఆడిస్తున్నాడు. మెత్తటి బూడిద గిన్నెలోకి దిగుతోంది. పలుకులూ, కాలని గడ్డిపోచలూ గుడ్డలోనే ఉండిపోతున్నాయి. వాటిని అవతల దులిపి మళ్ళీ రెండు గుప్పిళ్ళు పోసుకుంటున్నాడు. మామిడికోతల రోజుల్లో పొద్దున్నే అతనికి ఇదే మొదటి పని. ఇప్పుడు ఆగిరిపల్లి చుట్టూ కోతలు జోరుగా సాగుతున్నాయి. అతన్ని మాత్రం పిలిచే దిక్కు లేదు. అయినా చేతులు మానలేదు.

“పళ్ళు తోముకోడానికి చిటికెడు చాలు కదయ్యా. డబ్బాడు దేనికి?” అంది అతని భార్య లీదియా పొయ్యి దగ్గర నుంచి.

రాయప్ప జల్లించిన కచ్చికను పౌడరు డబ్బాలోకి ఒంపుకున్నాడు. కూతురు హన్నా పసిపిల్లగా ఉన్నప్పుడు కొన్న డబ్బా అది. మీదున్న పువ్వుల బొమ్మ చేతి రాపిడికి చెరిగిపోయి రేకు బయటపడింది. మూత ఇటు తిప్పితే చిల్లులు తెరుచుకుంటాయి, అటు తిప్పితే మూసుకుంటాయి. మూసి, గట్టిగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

ఆ కచ్చిక వల్లే అతని బతుకు బజారున పడింది.

రాయప్ప కోతమనిషి. వయసు వచ్చిన దగ్గర నుంచీ మామిడికాయలు కొయ్యడం తప్ప వేరే పని ఎరగడు. పొట్టి మనిషి, ఎండిన ఒళ్ళు. ఏళ్ళ తరబడి తల వెనక్కి వాల్చి కొమ్మల్లోకి చూసి చూసి మెడ వెనక తోలు మడతలు పడింది. ముంజేతుల నిండా నల్లటి మచ్చలు. మామిడికాయ తొడిమ తెగగానే సొన చిమ్ముతుంది. ఒంటి మీద పడితే కాలుతుంది. కాయ మీద కారినా అంతే, పండేసరికి నల్లటి చార తేలుతుంది. కొనేవాడు ఆ కాయను తీసి పక్కన పడేస్తాడు. అందుకని రాయప్ప కాయలు కుప్ప పోయగానే తొడిమల మీద కచ్చిక చల్లుతాడు. బూడిద సొనను పీల్చేసుకుంటుంది. ఆరాక గుడ్డతో తుడిస్తే కాయ మీద మచ్చ ఉండదు. వాళ్ళమ్మ అలా చేసేది, అతనూ చేస్తున్నాడు. మిగతా తోటల్లో నీళ్ళతో కడిగేస్తారు. కచ్చిక డబ్బా పట్టుకు తిరిగే కోతమనిషి ఆ చుట్టుపక్కల ఇతనొక్కడే. “నీ కాయ పెళ్ళికూతురులా ఉంటుందిరా రాయప్పా” అని మురిసిపోయేవాడు తోట కౌలుకు తీసుకున్న ప్రభాకరరావు.

కోతలు మొదలైన కొత్తల్లో తోటకి ఒక టీవీ కుర్రాడు వచ్చాడు. పేరు ప్రేమ్‌చంద్. మామిడి మీద మంచి కార్యక్రమం చేస్తున్నామన్నాడు. రాయప్ప కుప్ప మీద బూడిద చల్లుతుంటే కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు.

“ఏంటి తాతా అది?”

“కచ్చికండి. సొన పీలుస్తదండి.”

“ఇంకోసారి చల్లు తాతా. వెలుతురు ఇటు నుంచి బాగుంది.”

చల్లాడు.

“ఈసారి కెమెరాకేసి చూసి నవ్వు.”

పుట్టి బుద్ధెరిగాక రాయప్ప పనిని చూడటానికి కారేసుకుని వచ్చినవాడు లేడు. నవ్వడా మరి? ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. కుర్రాడికి చిన్నరసాలు ఏరి ఏరి సంచీలో పోసిచ్చాడు కూడా. ఆ కుర్రాడు అవి తినే ఉంటాడు. తిని, మూతి తుడుచుకుని, వెళ్ళి ఆ పని చేసి ఉంటాడు.

ఆ సాయంత్రం రాయప్ప నవ్వు చుట్టూ ఎర్రగీత గీసి చూపించారు. ‘విషం చల్లుతూ వికటాట్టహాసం’ అని కింద పెద్ద పెద్ద అక్షరాలు. కచ్చికండి అన్న మాట కోసేశారు. దాని బదులు దడదడలాడే సంగీతం పెట్టారు. కాయలు మాగబెట్టడానికి వాడే విషప్పొడి అదేనన్నారు. నలుగురిని కూర్చోబెట్టి, పిల్లలు తినే పండులో విషం కలిపే ఈ రాక్షసుడికి ఏ శిక్ష వెయ్యాలి అని గంట సేపు అరిపించారు. ప్రభాకరరావు ఒక పార్టీకి మండల నాయకుడు. ఆ చానల్ అవతలి పార్టీవాళ్ళది. వాళ్ళకి కావలసింది ప్రభాకరరావు పరువు తియ్యడం. దానికి ఒక ముసలివాడి మొహం అప్పనంగా దొరికింది, వాడుకున్నారు. సిగ్గుండాలి.

రెండు రోజులు తిరక్కుండానే ప్రభాకరరావు పార్టీ చానల్ లేచింది. అందులోనూ అదే నవ్వు. గీత మాత్రం పసుపుపచ్చది. ఈ కూలివాడు ప్రత్యర్థుల దగ్గర డబ్బు తిని, కావాలనే కెమెరా ముందు ఏదో పొడి చల్లాడని చెప్పారు. ‘ఆ నవ్వు వెనక కుట్ర’ అని పేరు పెట్టారు. ఒక చానల్లో రాయప్ప విషం పెట్టినవాడు, ఇంకో చానల్లో అమ్ముడుపోయినవాడు. ఊరు రెండుగా చీలి ఎవరి చానల్‌ని వాళ్ళు నమ్మారు. రాయప్పను తిట్టడంలో మాత్రం ఊరంతా ఒక్కటైంది.

అధికారులు వచ్చి కాయలు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. ఏమీ లేదని తేలింది. ఆ ముక్క ఒక పేపరు లోపలి పేజీలో, బోరు మోటార్లు బాగుచేసేవాడి ప్రకటన కింద వేశారు. టీవీలో అసలు రాలేదు. పండులో విషం లేదన్న వార్త ఎవడిక్కావాలి?

హన్నా ఉంగుటూరులో ప్రైవేటు బళ్ళో టీచరు. పిల్లలు ఆమె వెనక చేరి రాయప్ప చల్లినట్టు చేతులు ఊపి పళ్ళికిలించడం మొదలుపెట్టారు. “కొన్నాళ్ళు ఇటు రాకు నాన్నా” అంది ఫోనులో, ఏడుస్తూ. ఆ రోజు నుంచి రాయప్ప నవ్వడం మానేశాడు. ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు.

డబ్బా గూట్లో పెట్టబోతుంటే లీదియా ఫోను మోగింది. ప్రభాకరరావు.

“రాయప్పా, ఖాళీగానే ఉన్నావా? తోటకి వచ్చెయ్. రసాలు దించాలి. చిక్కం తెచ్చుకో.”

రాయప్పకి చెవులు నిజంగా విన్నాయో లేదో తెలియలేదు. ఫోను లీదియా చేతికిచ్చి, వసారా చూరులో దోపిన చిక్కపు గెడను దించాడు. చివరనున్న వల రెండు చోట్ల తెగింది. గుమ్మంలో కూర్చుని పురికోస పెట్టి ముడులు వేశాడు.

“అయ్యగారికి నేనేంటో తెలుసే. అందుకే పిలిచారు” అన్నాడు.

“తెలిస్తే ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదు?” అంది లీదియా. సద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నలిపి ముందు పెట్టింది. “ఈసారి ఆ బూడిద తీసుకెళ్ళకు. నీళ్ళతోనే కడుగు.”

“ఎందుకు తీసుకెళ్ళకూడదు? నేనేమన్నా తప్పు చేశానా?”

“తప్పు కాదయ్యా. విభూది పండగనాడు ఫాదరుగారు నుదుట పెట్టేదీ బూడిదే. ఆయన్నెవరూ ఫొటో తియ్యరు.”

రాయప్ప డబ్బా పాత గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకున్నాడు.

దారిలో వెంకటేశ్వర్లు టీ కొట్టు. అక్కడ రోజూ గ్లాసులో టీ తాగే మనిషి రాయప్ప. ఈమధ్య కాగితం కప్పులో ఇస్తున్నాడు వెంకటేశ్వర్లు. తాగిన కప్పు పారేస్తే పోతుంది, గ్లాసయితే కడగాలి, మిగతావాళ్ళు చూస్తారు. గోడకున్న టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. బల్ల మీద రెండు పేపర్లు. కూర్చున్న నలుగురిలో ఇద్దరు ఒక పేపరు, ఇద్దరు ఇంకో పేపరు పట్టుకున్నారు.

“పనిలోకి పిలిచారు వెంకటేశ్వర్లూ” అన్నాడు రాయప్ప తువ్వాలు చాటు నుంచి.

“మంచిది బాబాయ్. కాస్త దూరంగా కూర్చుని తాగు, ఏమనుకోకు. నాకు నీ మీద ఏమీ లేదు. గిరాకీ పోద్ది.”

“ఎంతిచ్చారు తాతా వాళ్ళు?” అన్నాడు పేపరు చాటు నుంచి ఒకడు. 

“డబ్బు కాదురా, ఆ పొడే ఒక బస్తా ఇచ్చుంటారు” అన్నాడు రెండో పేపరువాడు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. ఆ ఇద్దరికీ మామూలుగా ఒకరంటే ఒకరికి పడదు.

రాయప్ప సగం టీ నేల మీద ఒలకబోసి లేచాడు. వెంకటేశ్వర్లు అతన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగును. వాళ్ళ నాన్న చనిపోతే పాడె మోసినవాళ్ళలో రాయప్ప ఒకడు. మనిషిని ఇన్నేళ్ళు కళ్ళతో చూసిన దానికన్నా గోడ మీది పెట్టెలో రెండు నిమిషాలు చూసింది ఎక్కువైపోయింది. ఇదెక్కడి అన్యాయం?

తోటలోకి అడుగు పెట్టగానే అవన్నీ మరిచిపోయాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రోహిణీకార్తె గాలి ఆకుల కింద కూడా వేడిగానే ఉంది. పెద్ద రసాల చెట్టు కాయ బరువుకి కొమ్మలు నేలకి వంచింది. చెప్పులు విడిచి చెట్టెక్కాడు. మనిషెత్తు మీద కాండం రెండుగా చీలిన చోట లోతైన పంగ ఉంది. డబ్బా అందులో పెట్టాడు. ఏ చెట్టు కోసినా అతను డబ్బా పెట్టేది పంగలోనే. కింద పెడితే ఎవరో ఒకరు కాలితో తంతారు.

తల వెనక్కి వాల్చి గెడ పైకి పోనిచ్చాడు. కాయను వల్లోకి తీసుకుని, గెడ చివరి కత్తికి తొడిమ ఆనేట్టు మణికట్టు చిన్నగా తిప్పితే చాలు. కాయ వల్లో కూర్చుంటుంది. కొమ్మ ఊగదు, పక్క కాయ రాలదు. అలా ఒక్కొక్కటీ దించి, కిందికి జార్చి, కింద పరిచిన గడ్డి మీద కుప్ప పోశాడు. డబ్బా తీసుకుని దిగి తొడిమల మీద చల్లాడు. సన్నటి బూడిద ఎండలో మెరుస్తూ దిగింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి కొంచెం నవ్వాడు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా కారు వచ్చి ఆగింది. ప్రభాకరరావు దిగాడు. వెనక ఒక అమ్మాయి, భుజాన కెమెరాతో ఒకతను. తువ్వాలు నోటికి అడ్డం కట్టుకుని, డబ్బా చేతిలో పట్టుకునే రాయప్ప ఎదురెళ్ళాడు.

“భోంచేశావా రాయప్పా?” అన్నాడు ప్రభాకరరావు. ఆ మాట అతను కూలివాళ్ళని ఎన్నడూ అడగడు. భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. “ఒక చిన్న పని. ఈమె శ్వేత, మన చానల్ అమ్మాయి. ఆ రోజు వాళ్ళు నీ చేతిలో పొడి పెట్టి చల్లమన్నారని చెప్పు. డబ్బుకి ఆశపడి చేశానను. అక్కడితో సరి. ఈ సీజనే కాదు, నేను తోటలు చేసినన్నాళ్ళూ నువ్వే కోతమేస్త్రీవి.”

“ఎవరూ పెట్టలేదు కదండి. కచ్చిక నాదండి. తమరికి తెలుసు కదండి.”

“నాకు తెలుసురా. నాకు తెలిస్తే సరిపోద్దా?”

“అదే చెప్పండి. మీరు చెప్తే జనం నమ్ముతారండి.”

ప్రభాకరరావు తల అడ్డంగా తిప్పాడు. “కచ్చికంటే మనం ఊరికే తప్పించుకున్నట్టు ఉంటుంది. వాళ్ళు చేయించారంటే వాళ్ళు దొరికిపోయినట్టు ఉంటుంది. అర్థమైందా? రెండు ముక్కలు. చెప్పేసి చెట్టెక్కు.”

శ్వేత అతని చొక్కాకి మైకు తగిలించింది. మెత్తగా మాట్లాడింది. “భయపడకండి పెద్దాయనా. మీకు న్యాయం చెయ్యడానికే వచ్చాం. చెప్పండి, ఆ పొడి మీకు ఎవరిచ్చారు?”

“మా పొయ్యిలోదమ్మా.”

కెమెరా అతను నవ్వాపుకున్నాడు. శ్వేత ప్రభాకరరావు వైపు చూసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు.

“సరే, పేరు కూడా చెప్పక్కర్లేదు. నేను అడుగుతాను, మీరు తల ఊపండి చాలు.”

తల ఊపితే చాలు! సాయంత్రానికి చిక్కం మళ్ళీ తనదే. లీదియా గొణగదు. పని ఉన్నవాడికి వెంకటేశ్వర్లు గ్లాసులో టీ ఇచ్చినా ఇస్తాడు. హన్నా మాత్రం, మా నాన్న డబ్బు తిన్నాడని తన నోటితోనే ఒప్పుకున్నాడని బడిలో తల దించుకుని నిలబడాలి. రాయప్పకి జీవితంలో కోపం ఎక్కువసార్లు రాలేదు. కోపం తెచ్చుకునేపాటి చోటు అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు వచ్చింది. కాళ్ళ నుంచి వచ్చింది. నోటి మీది తువ్వాలు లాగి పారేశాడు.

“నేను విషం పెట్టానని ఆళ్ళు చెప్పేశారు. డబ్బు తిన్నానని మీరు చెప్పేశారు. అంతా మీరే చెప్పుకున్నాక ఇంక నన్ను అడగడం దేనికమ్మా? నా నోరొకటి ఖాళీగా ఉందనా?”

డబ్బా మూత తిప్పాడు. అరచేతిలో ఇంత కచ్చిక దులుపుకుని, చూపుడువేలితో అద్ది, కెమెరా ఎదుటే పళ్ళు తోమాడు. పైవరసా కిందివరసా బరబరా తోమాడు. చెట్టు మొదట్లో ఉన్న బిందెలో నీళ్ళు ముంచుకుని పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ పుక్కిలించి మళ్ళీ ఉమ్మాడు. తడి మూతితో కెమెరా దగ్గరకంటా వచ్చి పళ్ళు బయటపెట్టాడు. ఈసారి అది నవ్వు కాదు.

“ఇదమ్మా నేను చల్లింది. పొద్దున్నే దీంతోనే నోరు కడుక్కున్నా. మా అమ్మా దీంతోనే కడుక్కుంది. తియ్యండి ఫొటో.”

శ్వేత మైకు విప్పుకుని, ప్రభాకరరావుతో మెల్లగా అంది. “ఇది చాలు సార్. ఎడిటింగ్‌లో చూసుకుంటాం.”

“కుప్ప పోసిన కాయలు అప్పజెప్పి వెళ్ళిపో. రేపట్నుంచి రావక్కర్లేదు” అన్నాడు ప్రభాకరరావు రాయప్పతో. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

రాయప్ప కాసేపు నిలబడ్డాడు. తర్వాత డబ్బా మూత తిప్పి మూసి, చెట్టెక్కి, పంగలో పెట్టాడు. మొదలుపెట్టిన కొమ్మ సగంలో ఉంది. సగం కోసిన కొమ్మ వదిలి అతను ఏనాడూ దిగలేదు. మిగతా కాయలు కూడా దించాడు. చెమట ధారగా కారుతోంది. ఎడమచెయ్యి బరువెక్కింది. కిందికి దిగి, కాండానికి వీపు ఆనించి, చిక్కపు గెడ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. పక్క వరసలో కోస్తున్నవాళ్ళు ముసలాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఆ ఎండకి అందరూ తీసే కునుకే. పొద్దు వాలాక వచ్చి భుజం తట్టేసరికి అతను పక్కకి ఒరిగిపోయాడు.

ఎండకి గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆ మాట ఆస్పత్రి గుమ్మం దాటలేదు. ఆ రాత్రే శ్వేత తీసిన బొమ్మ టీవీలో వచ్చింది. రాయప్ప డబ్బాలోంచి పొడి అరచేతిలో పోసుకుంటాడు, నోట్లో పెట్టుకుంటాడు. అంతే, అక్కడితో ఆపేశారు. ‘పశ్చాత్తాపంతో విషం మింగిన కూలి. అతనితో పాపం చేయించిందెవరు?’ అని అడిగారు. అవతలి చానల్‌వాళ్ళు కోయని బొమ్మే ఎక్కడో సంపాదించి, ‘కౌలుదారు సమక్షంలోనే విషం. మింగించిందెవరు?’ అని అడిగారు. పుక్కిలించి ఉమ్మిన ముక్కను రెండు చానళ్ళూ కోసేశాయి. ఒకళ్ళనొకళ్ళు అడక్కుండానే, ఏదో మాట్లాడుకున్నట్టు, సరిగ్గా అక్కడే కోశాయి. మొన్నటిదాకా రాక్షసుడన్నవాళ్ళు ఇప్పుడు అభాగ్యుడన్నారు. అమ్ముడుపోయాడన్నవాళ్ళు అమాయకుడన్నారు. వెంకటేశ్వర్లు కొట్టు ముందు రెండు పార్టీలవాళ్ళూ రెండు ఫ్లెక్సీలు కట్టారు. రెండింటి మీదా అదే నవ్వు. గీతలు మాత్రం తీసేశారు.

మర్నాటికి కొత్త ప్రశ్న పుట్టింది. విషం డబ్బా ఏది? ప్రభాకరరావే మాయం చేశాడని ఒక చానల్, ప్రత్యర్థుల మనిషి ఎత్తుకుపోయాడని ఇంకో చానల్. పోలీసులు వచ్చి చెట్టు కింద ఆకులన్నీ తిరగేశారు, బిందె పట్టుకెళ్ళారు, కుప్పలోని కాయలు సంచుల్లో కట్టారు. కెమెరాలన్నీ నేల మీదికి వంగి ఉన్నాయి.

లీదియా ఇంటి ముందు ప్రేమ్‌చంద్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పక్కన హన్నా ఏడ్చి వాచిన మొహంతో కూర్చుంది.

“డబ్బా చెట్టు పంగలో ఉంటది బాబూ” అంది లీదియా. “ఎప్పుడూ అక్కడే పెడతాడు. ఎవరన్నా ఎక్కి తియ్యండి. నేను మీ అందరి ముందూ దాంతో పళ్ళు తోముకుంటాను.”

“ఆ సంగతి తర్వాత అమ్మా” అన్నాడు ప్రేమ్‌చంద్. “ఆయన ఆఖరిసారి ఇంట్లోంచి వెళ్తూ మీతో ఏమన్నారు? కొంచెం కెమెరాకేసి చూసి చెప్పండి.”

లీదియా కెమెరాకేసి చూసింది. చూసి, లేచి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపును ఆ రోజంతా చూపించారు.

తోటలో జనం పలచబడ్డాక చిలకలు వచ్చి రసాల చెట్టు మీద వాలాయి. మనిషెత్తు మీద, కాండం చీలిన చోట, ఎర్రచీమల బారు పక్కన, పువ్వులు చెరిగిపోయిన పౌడరు డబ్బా చిల్లులు కనబడకుండా మూత తిప్పి మూసి ఉంది.